నానోట్యూబులో నీరు పరుగెత్తుతుంది సరే. నిర్లవణీకరణ పొరకు కరువైనది ఆ వేగమేనా?

రసాయన_విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను రసాయన ఇంజనీరింగులో స్నాతకోత్తర విద్య చదువుతున్నాను. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే రివర్స్ ఆస్మోసిస్ (పీడనంతో నీటిని నెట్టి ఉప్పును వెనుక ఆపే పద్ధతి) పొరల్లో కార్బన్ నానోట్యూబుల, అంటే కార్బన్ పరమాణువుల అతి సన్నని గొట్టాల, పాత్రపై సెమినారు సిద్ధం చేసుకుంటున్నాను. ఇంతవరకు చదివిన దానిని ముందుగా చెబుతాను. 1991లో జపాను శాస్త్రవేత్త ఇజిమా ఈ గొట్టాలను వర్ణించిన పదేళ్లకు, అంటే 2001లో, హమ్మర్, రసయ్య, నోవోరిటా కంప్యూటర్ అనుకరణలో 0.81 నానోమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని నీటిలో ఉంచి చూశారు. నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టి, దాదాపు అడ్డు లేకుండా దానిలోంచి సాగిపోయాయి. 2005లో మజుందార్, హిండ్స్ తదితరులు సుమారు 7 నానోమీటర్ల గొట్టాలతో పొర తయారుచేసి, సాధారణ సూత్రాలు చెప్పే దానికంటే నాలుగైదు దశాంశ స్థానాలు (పదివేల నుంచి లక్ష రెట్లు) ఎక్కువ ప్రవాహాన్ని ప్రకటించారు. మరుసటి ఏడు లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో హోల్ట్ బృందం 2 నానోమీటర్ల కంటే సన్నని గొట్టాలతో వెయ్యి రెట్లకు మించిన వేగాన్ని కొలిచింది.

నా సందేహం ఒక్కటే. ఇంత వేగం రుజువైన తరువాత కూడా సముద్రపు నీటి కర్మాగారాలలో నేటికీ పాలీఅమైడ్ అనే పాలిమరు పొరలే ఉన్నాయి. దీనికి అడ్డం తయారీలోని కష్టమా, లేక మనం వెతుకుతున్న లాభమే అక్కడ లేదా?

ద్రవగతి:

మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతికే ముందు ఆ "వెయ్యి రెట్లు" దేనితో పోల్చి చెప్పినదో చూడాలి. చాలా వ్యాసాలు ఈ చోటును దాటవేస్తాయి. హోల్ట్ బృందం పోల్చినది పాలీఅమైడ్ పొరతో కాదు. అదే వ్యాసం, అదే పొడవు గల ఊహాత్మక గొట్టంలో, గోడను తాకిన నీరు కదలకుండా నిలిచిపోతుందని భావించి, గొట్టంలో ప్రవాహాన్ని చెప్పే హాగన్–పాయిజాయ్ సూత్రంతో లెక్కగట్టిన ప్రవాహంతో. నానోమీటరు వ్యాసం గల గొట్టంలో ఆ సూత్రం చెప్పే ప్రవాహం మరీ స్వల్పం, ఎందుకంటే అది వ్యాసార్ధపు నాలుగో ఘాతంతో మారుతుంది. అంత చిన్న సంఖ్యను వెయ్యితో గుణించినా వచ్చేది బ్రహ్మాండమేమీ కాదు.

అయితే నీరు జారడమన్నది కల్పన కాదు. 2016లో సెక్కి తదితరులు ఒక్కొక్క గొట్టాన్నే విడిగా తీసుకుని, దాని కొననుంచి వెలువడే ధారను కొలిచారు. 15 నానోమీటర్ల వ్యాసార్ధం గల గొట్టంలో జారుడు పొడవు (గోడ వెంట నీరు ఎంతగా జారుతుందో చెప్పే కొలత) దాదాపు 300 నానోమీటర్లు వచ్చింది. ఆ విలువలను సూత్రంలో వేస్తే ప్రవాహం ఎనభై రెట్లకు చేరుతుంది. గొట్టం సన్నబడేకొద్దీ జారుడు పెరిగింది. చూడడానికి అచ్చంగా అదే అమరిక గల బోరాన్ నైట్రైడ్ గొట్టాలలో మాత్రం జారుడు కనిపించనే లేదు. అంటే గొట్టం నునుపుగా ఉండడం ఒక్కటే చాలదు, గోడలోని ఎలక్ట్రాన్ల తీరుకు కూడా ఇందులో పాత్ర ఉంది. శాస్త్రంగా ఇది ఎంతో అందమైన ఫలితం. నిర్లవణీకరణకు ఇది ఎంత పనికివస్తుందన్నది మాత్రం వేరే లెక్క.

లెక్కలపుస్తకం:

ఆ లెక్కను నేను వేసి చూపుతాను. పెన్సిలు పట్టుకుంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

జీవకణాలలో నీటిని దాటించే అక్వాపోరిన్ అనే ప్రోటీను గురించి, అది సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులను పంపుతుందని అంతటా రాస్తారు. దీనిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రే 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మన 0.8 నానోమీటర్ల గొట్టానికీ ప్రస్తుతానికి అదే సామర్థ్యం ఉందనుకుందాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 300 కోట్లు అనేది సమతాస్థితిలో అణువులు ఇటూ అటూ దూకే వేగం మాత్రమే. ఇటునుంచి అటు ఎన్ని పోతే అటునుంచి ఇటు అన్నీ వస్తాయి, కనుక మనకు దక్కే నీరు సున్నా. పీడనం పెట్టినప్పుడు ఏర్పడే స్వల్పమైన తేడాయే మనకు దక్కేది. పీడనాన్ని నీటి మోలార్ ఘనపరిమాణంతో గుణించి, వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే, ఒక బార్‌కు ఆ తేడా 0.00073 వస్తుంది. అంటే ఒక బార్ పీడనానికి ఒక గొట్టం ఇచ్చే నికర ప్రవాహం సెకనుకు సుమారు 22 లక్షల అణువులే.

చదరపు మీటరుకు గంటకు బార్‌కు ఒక లీటరు, అంటే ఇప్పటి సముద్రపు నీటి పొరల స్థాయి, రావాలంటే ఇలాంటి గొట్టాలు చదరపు సెంటీమీటరుకు సుమారు 43 వేల కోట్లు నిలబడి ఉండాలి. రెండు గొట్టాల మధ్య దూరం 15 నానోమీటర్లు. హోల్ట్ పొరలో రంధ్రాల సాంద్రతకు గరిష్ఠ అంచనా 25 వేల కోట్లు మాత్రమే, పైగా అవి ఇంతకంటే లావైన గొట్టాలు. కనుక అంత అద్భుతమైన గొట్టాలను అంత దగ్గరగా నాటితేగాని ఇప్పుడు కర్మాగారంలో ఉన్న పొరతో సమానం కాలేము. మూడు రెట్లు మించాలంటే దూరం 9 నానోమీటర్లకు తగ్గాలి.

సూక్ష్మనాళిక:

లెక్కలపుస్తకం గారి పద్ధతి సరైనదే. కానీ గొట్టానికి అక్వాపోరిన్ అంత సామర్థ్యమే ఇచ్చి పిసినారితనం చూపారు. 2017లో తునుగుంట్ల, నోయ్ తదితరులు 0.8 నానోమీటర్ల వ్యాసం గల పొట్టి గొట్టాలను కణత్వచం వంటి లిపిడ్ (కొవ్వు) పొరలో గుచ్చి కొలిచినప్పుడు, నీటి రవాణా జీవకణాల నీటి వాహికలకంటే ఒక దశాంశ స్థానం ఎక్కువగా వచ్చింది. ఆ పరిమాణాన్ని తీసుకుంటే మీ 43 వేల కోట్లు దాదాపు 4 వేల కోట్లకు దిగివస్తాయి, గొట్టాల మధ్య దూరం 50 నానోమీటర్ల వరకు ఉన్నా సరిపోతుంది. అది అసాధ్యమైన సాంద్రత కాదు.

ఇంకొక ముఖ్య విషయం, సముద్రపు నీటిని మించిన ఉప్పదనంలోనూ ఆ గొట్టాలు రుణావేశిత అయాన్లను అడ్డుకున్నాయని అదే పరిశోధన చెప్పింది. 2008లో కోరీ చేసిన అనుకరణలలో కూడా (5,5), (6,6) రకాల సన్నని గొట్టాలు అయాన్లను ఆపాయి, అంతకంటే వెడల్పైనవి ఆపలేకపోయాయి. కారణం ఊహించడం తేలిక. 0.81 నానోమీటర్ల వ్యాసమన్నది ఎదురెదురు కార్బన్ పరమాణువుల కేంద్రాల మధ్య దూరం. ఆ పరమాణువుల మందం తీసివేస్తే లోపల మిగిలే దారి 0.47 నానోమీటర్లే. నీటి అణువు వ్యాసం సుమారు 0.28 నానోమీటర్లు గనుక దూరిపోతుంది. చుట్టూ నీటి తొడుగుతో ఉన్న సోడియం అయాను వ్యాసం 0.7 నానోమీటర్లు. లోపలికి రావాలంటే అది తన తొడుగులో కొంత విడిచిపెట్టాలి, దానికి పెద్ద శక్తి కావాలి. ఎంపిక పరికరంగా ఇంతకంటే పొందికైనది దొరకడం కష్టం.

ద్రవగతి:

సూక్ష్మనాళిక గారు చెప్పినది నిజం, దానికి ఒక షరతు జోడిస్తాను. ఆ కొలతలు లిపిడ్ బుడగలపై, ద్రవాభిసరణ (ఉప్పదనపు తేడా వల్ల నీరు దానంతట అదే పొర దాటడం) తేడాతో చేసినవి. 55 బార్‌ల యాంత్రిక పీడనం కింద, చదరపు మీటర్ల విస్తీర్ణంలో చేసినవి కావు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. "నానోట్యూబు పొర ఉప్పును 98 శాతం ఆపింది" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. దానికి మూలం 2008లో ఫోర్నాసియెరో తదితరుల ఫలితం. అక్కడ గొట్టాలు 2 నానోమీటర్ల లోపువి, అయాన్లను ఆపినది ప్రధానంగా గొట్టం మూతి వద్ద ఉన్న కార్బాక్సిల్ సమూహాల రుణావేశం, ఆ అత్యధిక విలువ వచ్చినది ఫెర్రీసయనైడు వంటి బహుళ ఆవేశ అయాన్లకు, అదీ పలుచని ద్రావణంలో. ఆవేశం ప్రభావం ఎంత దూరం పాకుతుందనేది గాఢతను బట్టి ఉంటుంది. లీటరుకు ఒక మిల్లీమోల్ ఉప్పు ఉన్న నీటిలో ఆ దూరం దాదాపు 10 నానోమీటర్లు. సముద్రపు నీటిలో 0.4 నానోమీటర్లే, అంటే గొట్టం మూతిలో ఒక అంచుకైనా పూర్తిగా కాపలా కాయలేదు. కనుక సముద్రపు నీటికి ఆవేశాన్ని నమ్ముకోలేము, పరిమాణాన్నే నమ్ముకోవాలి. వ్యాసం ఒక నానోమీటరు దాటకుండా, ఒక్క లావు గొట్టం కూడా కలవకుండా పెంచడమన్నది అసలు పరీక్ష.

పొరలమేస్త్రి:

ఆ పరీక్ష దగ్గరే కథ ఆగిపోతున్నదని నా అభిప్రాయం. నేను పొరలు పోసి పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. వేగం గురించి జరిగే చర్చలో పదో వంతైనా లోపాల గురించి జరగదు.

పాలీఅమైడ్ పొర ఎలా పుడుతుందో గుర్తుచేస్తాను. సన్నని రంధ్రాలున్న పాలీసల్ఫోన్ ఆధారాన్ని మెటా-ఫినిలీన్ డైఅమీన్ కలిపిన నీటిలో తడిపి, పైన మిగిలిన తడిని రబ్బరు రోలరుతో తీసివేసి, ట్రైమెసోయిల్ క్లోరైడు కలిపిన హెక్సేన్‌ను దాని మీద పోస్తాము. రెండు ద్రవాలు కలిసే గీత వద్ద సెకన్లలో పొర కట్టుకుంటుంది. తడి ఆరిపోకముందే చూస్తే ఉపరితలం మెరుపు తగ్గి మసకబారడం కంటికి తెలుస్తుంది. 1970ల చివరలో కాడట్ రూపొందించిన ఈ పద్ధతి ఇన్నేళ్లు నిలవడానికి కారణం దాని వేగం ఒక్కటే కాదు. ఎక్కడ పొర పడలేదో అక్కడ రెండు రసాయనాలు ఇంకా కలుస్తూనే ఉంటాయి గనుక అక్కడ చర్య సాగుతుంది, పొర పడిన చోట దానంతట అదే నిలిచిపోతుంది. అంటే చిల్లులను అది తానే పూడ్చుకుంటుంది. ఎన్నో కిలోమీటర్ల పొడవున రోలు మీద రోలు వస్తున్నా 99.7, 99.8 శాతం ఉప్పును ఆపగలుగుతున్నదంటే ఈ గుణమే మూలం.

నిలువుగా పెంచిన నానోట్యూబుల వనంలో ఈ గుణం లేదు. మొదట ఇనుము వంటి ఉత్ప్రేరకపు రేణువుల మీద, వందల డిగ్రీల వేడిలో, హైడ్రోకార్బన్ వాయువుతో గొట్టాలను పెంచాలి. తరువాత వాటి మధ్య సందులను సిలికాన్ నైట్రైడుతోనో పాలిమరుతోనో నింపాలి, ఆ తరువాత మూసుకుపోయిన కొనలను చెక్కి తెరవాలి. సందులో ఒక్క చోట నింపుడు పడకపోయినా దానిని పూడ్చేవారు ఎవరూ లేరు. లెక్కలపుస్తకం గారూ, అటువంటి ఒక్క చిల్లు ఎంత నష్టం చేస్తుందో మీ పద్ధతిలోనే చెప్పగలరా?

లెక్కలపుస్తకం:

చెబుతాను. 100 నానోమీటర్ల మందం గల పొరలో 50 నానోమీటర్ల వ్యాసం గల ఒక చిల్లు ఉందనుకుందాం. చిల్లుకు ఇరువైపులా ఉప్పదనం ఒకటే గనుక ద్రవాభిసరణ పీడనం అక్కడ అడ్డు రాదు, పంపు ఇచ్చే 55 బార్‌లూ దాని మీదే పనిచేస్తాయి. నానోట్యూబు మీద పనిచేసేది మాత్రం 55 నుంచి సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనం 27 తీసివేయగా మిగిలిన 28 బార్‌లే. చిల్లు ప్రవేశద్వారం వద్ద ఎదురయ్యే అవరోధాన్ని కూడా కలుపుకుని చూస్తే, ఆ ఒక్క చిల్లు నేను మొదట తీసుకున్న గొట్టాలలో 35 లక్షల గొట్టాలు పంపేటంత నీటిని పంపుతుంది. అదంతా ఉప్పునీరే.

మొత్తం ప్రవాహంలో 0.2 శాతం ఇలా కారితే, గొట్టాలు ఎంత పరిపూర్ణమైనవైనా పొర ఉప్పును ఆపే శక్తి 99.8 శాతాన్ని దాటలేదు. ఆ 0.2 శాతానికి చదరపు సెంటీమీటరుకు 240 చిల్లులు చాలు, అంటే చిల్లుకూ చిల్లుకూ మధ్య అర మిల్లీమీటరుకు పైగా ఎడం ఉన్నా సరే. ఒకవైపు 43 వేల కోట్ల గొట్టాలు, మరొకవైపు 240 చిల్లులు. కింది ఆధారపు పొర అవరోధాన్ని కలిపితే అంకెలు కొంత మారతాయి గాని తీర్పు మారదు. సూక్ష్మనాళిక గారు చెప్పినట్లు గొట్టం పది రెట్లు చురుకైనదైతే గొట్టాల సంఖ్య తగ్గుతుంది, కానీ అదే ప్రవాహానికి అనుమతించగల చిల్లుల సంఖ్య అలాగే 240 దగ్గరే ఉంటుంది.

రసాయన_విద్యార్థి:

ఇది నాకు ఎక్కడా కనిపించని కోణం. అయితే తయారీ సమస్య ఏదో ఒకనాడు తీరుతుందనుకుందాం. లోపం లేని, మూడు రెట్లు పారగమ్యత (నీటిని దాటనిచ్చే గుణం) గల పొర చేతికి వచ్చిందనుకుంటే, కర్మాగారంలో విద్యుత్తు ఎంత ఆదా అవుతుంది?

పీడనపాత్ర:

సముద్రపు నీటి ప్లాంటు నిర్వహణలో ఉన్నవాడిగా ఈ ప్రశ్నకు జవాబు నేను ఇస్తాను. ఆదా ఉంటుంది గాని ఆశించినంత ఉండదు.

లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిలో సగాన్ని మంచినీరుగా తీయాలంటే, ఏ యంత్రంతో చేసినా ఘనమీటరుకు కనీసం 1.06 కిలోవాట్ గంటల శక్తి కావాలని ఉష్ణగతికశాస్త్రం చెబుతుంది. దీనిని తప్పించుకోవడం నానోట్యూబుకు గాని మరొకదానికి గాని సాధ్యం కాదు. పైగా మనం నడిపేది ఒకే పీడనంతో పనిచేసే ఒకే అంచె. పాత్ర చివరికి చేరేసరికి నీరు రెట్టింపు చిక్కబడి, దాని ద్రవాభిసరణ పీడనం సుమారు 54 బార్‌లవుతుంది. ఆ చివరి చోట కూడా నీరు దాటాలంటే పంపు కనీసం అంత పీడనాన్ని మొదటినుంచీ ఇవ్వాలి. దానిని శక్తిలోకి మార్చితే ఘనమీటరుకు దాదాపు 1.5 కిలోవాట్ గంటలు. ఇప్పటి మంచి ప్లాంట్లలో, చిక్కటి నీటి పీడనాన్ని తిరిగి రాబట్టే పరికరాలతో కలిపి, ఈ అంచె ఒక్కటే తీసుకునేది సుమారు 2. అంటే పొర పారగమ్యత అనంతమైనా మిగిలేది ఆ అర యూనిట్ లోపే. నీటిని సముద్రంనుంచి లాగడం, ముందుగా వడకట్టడం, శుద్ధి చేసిన నీటిని పంపడం అన్నీ కలిపి ప్లాంటు మొత్తం వాడకం 3 నుంచి 4 యూనిట్లు. ఆ మిగతా భాగాన్ని పొర తాకనైనా తాకదు. ఎలిమెలెక్, ఫిలిప్ 2011లో రాసిన సమీక్షలో ఈ వాదన స్పష్టంగా ఉంది, మీ సెమినారుకు అది తప్పక చదవండి.

ఇంకొక చిక్కు ఉంది. నీరు పొరలోకి ఎంత వేగంగా దూరితే ఉప్పు పొర ఉపరితలం మీద అంత దట్టంగా పేరుకుంటుంది. ఇప్పుడు సగటున చదరపు మీటరుకు గంటకు 15 లీటర్ల దగ్గర నడుపుతాము. ఉప్పు వెనక్కు విస్తరించే గుణకాన్ని అదే కొలమానంలో 100గా తీసుకుంటే, పొరను తాకే చోట ఉప్పదనం పైనున్న నీటికంటే 16 శాతం ఎక్కువ. అదే పొరను 60 లీటర్ల దగ్గర నడిపితే 82 శాతం ఎక్కువవుతుంది, 27 బార్‌లు కాస్తా 49 అవుతాయి. పొర వేగమైనదైనా నీటికి ఎదురుగా తానే గోడ కట్టుకుంటుంది. ఉప్పుతో పాటు మురికి కూడా అంతే త్వరగా పేరుకుంటుంది. ఒక పాత్రలో ఆరు నుంచి ఎనిమిది వరకు ఉండే పొర చుట్టలలో మొదటి రెండే పనంతా నెత్తిన వేసుకుని మురికిపడతాయి, చివరివి ఊరకే ఉంటాయి. పారగమ్యత పెరిగేకొద్దీ ఈ అసమానత ముదురుతుంది.

సూక్ష్మనాళిక:

పీడనపాత్ర గారి మాటలలో తప్పు లేదు, అయితే విద్యుత్తు ఒక్కటే కొలబద్ద కాదు కదా. 2014లో కోహెన్-తనూజీ, లీన్‌హార్డ్, గ్రాస్‌మన్ తదితరులు సరిగ్గా మూడు రెట్ల పారగమ్యతనే తీసుకుని లెక్కించారు. సముద్రపు నీటికి శక్తిలో 15 శాతం ఆదా, లేదంటే అదే శక్తితో 44 శాతం తక్కువ పీడనపాత్రలు. తక్కువ ఉప్పున్న భూగర్భజలాల విషయంలో శక్తి ఆదా 46 శాతం, పాత్రల తగ్గుదల 63 శాతం. అక్కడ ద్రవాభిసరణ పీడనం చిన్నది గనుక పొర అవరోధమే ప్రధాన ఖర్చు. నానోట్యూబు పొరను ముందుగా సముద్రానికే పంపాలన్న పట్టుదల దేనికో నాకు అర్థం కాదు.

పీడనపాత్ర:

ఆ మాట ఒప్పుకుంటాను. భూగర్భజలాలకు మీ వాదన బలమైనది. అయితే అక్కడ కూడా తొంభై శాతం దాకా నీటిని రాబట్టడానికి అడ్డు వచ్చేది సిలికా, కాల్షియం లవణాలు గడ్డకట్టడం. దానికి పారగమ్యత మందు కాదు.

పొరను తయారుచేసేవారు నన్ను ఏమి కావాలని అడిగితే మూడు చెబుతాను, వాటిలో వేగం లేదు. మొదటిది క్లోరిన్‌ను తట్టుకోవడం. నీటిలో సూక్ష్మజీవులు పెరగకుండా క్లోరిన్ వేస్తాము, పొర దగ్గరకు వచ్చేసరికి పాలీఅమైడ్ పాడవుతుందని సోడియం మెటాబైసల్ఫైట్ వేసి దానిని తీసేస్తాము. ఆ తరువాత బతికి బయటపడ్డ జీవాలు పొర మీదే కాపురం పెడతాయి. రెండోది బోరాన్. సముద్రపు నీటిలో లీటరుకు 4.5 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఆవేశం లేని బోరిక్ ఆమ్లంగా ఉండి నీటితో పాటే దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 2.4 మిల్లీగ్రాములు, పంటలకు పంపే నీటిలో ఇంకా తక్కువ కావాలి. అందుకోసమే కొన్ని ప్లాంట్లలో క్షారం కలిపి రెండోసారి పొర దాటిస్తారు. మూడోది శుభ్రపరిచే రసాయనాలను ఏళ్ల తరబడి ఓర్చుకోవడం. 2016లో వెర్బర్, దేశ్‌ముఖ్, ఎలిమెలెక్ రాసిన వ్యాసం కూడా ఈ దిశలోనే, మనకు కావలసినది పారగమ్యత కాదు, ఎంపిక శక్తి అని వాదించింది.

పొరలమేస్త్రి:

క్లోరిన్ పేరు ఎత్తారు గనుక చెబుతాను, నానోట్యూబుకు దగ్గరి భవిష్యత్తు అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. గొట్టంలోంచి నీటిని పంపాలన్న పంతం వదిలి, దానిని పాలీఅమైడ్‌లో ఒక పాలు పదార్థంగా కలపడం రెండో దారి. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో బహుళ గోడల గొట్టాలను కాచి, వాటి మీద కార్బాక్సిల్ సమూహాలు పుట్టించి, అమీన్ ద్రావణంలో చెదరగొట్టి, మామూలు పద్ధతిలోనే పొర పోస్తారు. కొత్త యంత్రాలు అక్కరలేదు. తానే పూడ్చుకునే గుణం కూడా చాలావరకు నిలుస్తుంది. ఇదే బాటలో జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజం కలిపిన పొరలు 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రయోగశాలనుంచి వెలువడి, తరువాత మార్కెట్టుకు కూడా చేరాయి. కనుక దారి మూసుకుపోయినది కాదు.

జపానులోని షిన్షు విశ్వవిద్యాలయంలో ఎండో బృందం 2015లో బహుళ గోడల గొట్టాలు కలిపిన పాలీఅమైడ్ గురించి ప్రకటించింది. నీటి ప్రవాహం, ఉప్పును ఆపడం నిలుపుకుంటూనే క్లోరిన్‌ను, మురికిని మామూలు పొరకంటే మెరుగ్గా తట్టుకున్నదని వారి ఫలితం. కారణం ఊహకు అందేదే. క్లోరిన్ మొదట అమైడ్ బంధంలోని నైట్రోజన్‌ను పట్టుకుంటుంది, అక్కడినుంచి పక్కనున్న బెంజీన్ వలయం మీదికి మారుతుంది, గొలుసుల మధ్య పట్టు సడలి పొర ఉబ్బుతుంది. గట్టి గొట్టాలకు అల్లుకున్న గొలుసులు అంత సులువుగా కదలలేవు.

ఇదే రకం వ్యాసాలలో నేను నమ్మని మాట ఒకటుంది. ప్రవాహం ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెరిగిందని కొలిచి, వెంటనే "నీరు గొట్టాలలోంచి జారిపోవడమే కారణం" అని రాసేస్తారు. గొట్టం పొడవు వందల నానోమీటర్లు, పొర మందం ఒకటి రెండు వందలు. గొట్టాలు అడ్డంగా, వంకరగా పడి ఉంటాయి. కొనలు మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో చూపరు, చూపినా రెండు కొనలూ పొరకు ఇరువైపులా తేలాయని చూపరు. గొట్టానికీ పాలిమరుకూ మధ్య సందులోంచి నీరు పోయి ఉండవచ్చు, అమీన్ విస్తరణ మందగించి పొర పలుచబడి ఉండవచ్చు, ఉపరితలం నీటిని ఎక్కువ ఇష్టపడి ఉండవచ్చు. గొట్టం ప్రమేయాన్ని తేల్చాలంటే కొనలు మూసిన గొట్టాలతో, అంతే బరువు గల (గొట్టం కాని మసిపొడి) కార్బన్ బ్లాక్‌తో మరో రెండు పొరలు పోసి పక్కపక్కన పరీక్షించాలి. ఆ పని చేసిన వ్యాసాన్నే నేను నమ్మకంతో చదువుతాను.

శ్వాసకోశం:

నేను వృత్తి ఆరోగ్య రంగంలో ఉన్నాను, క్లుప్తంగా ఒక విషయం. అన్ని నానోట్యూబులనూ ఒకే గాట కట్టకండి. 2008లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో పొడవైన, నిటారుగా ఉండే బహుళ గోడల గొట్టాలు ఆస్బెస్టాస్ నారలాంటి ప్రతిచర్యను కలిగించాయి, పొట్టివి, చిక్కుపడినవి కలిగించలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో ఎం.డబ్ల్యు.సి.ఎన్.టి.-7 అనే ఒక్క రకాన్నే మానవులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బి వర్గంలో పెట్టింది, మిగిలిన రకాలకు వర్గీకరణ చేయడానికి ఆధారాలు చాలవని 3వ వర్గంలో ఉంచింది. అపాయం ముఖ్యంగా పొడిని పీల్చే కార్మికుడికి. పొరలో బిగిసిన గొట్టం వేరు, అయినా ఏళ్ల తరబడి క్లోరిన్‌తో, క్షారంతో కడిగిన పొరనుంచి శుద్ధజలంలోకి ఏమైనా ఊడిపడుతున్నదా అనేది కొలవకుండా తాగునీటి అనుమతి అడగడం సరికాదు.

ద్రవగతి:

ఎవరూ ప్రస్తావించని మరో మార్గాన్ని కూడా చేర్చుతాను. నానోట్యూబు విద్యుత్తును మోస్తుంది. 2017లో జాస్బీ బృందం నీటిని వేడిచేసి ఆవిరిని మాత్రమే పొర దాటించే మెంబ్రేన్ డిస్టిలేషన్‌లో దీనిని వాడుకుంది. పొర మీద నానోట్యూబుల పూత వేసి, అందులో విద్యుత్తు పంపి, నీరంతా కాకుండా ఉపరితలాన్ని మాత్రమే వేడిచేశారు. చిక్కటి ఉప్పునీటిలో ఏకముఖ విద్యుత్తు పెడితే గొట్టాలు ఆక్సీకరణ చెంది నశిస్తాయి. తగినంత ఎక్కువ పౌనఃపున్యం గల ఏకాంతర విద్యుత్తుతో వాటిని కాపాడగలిగారు. రివర్స్ ఆస్మోసిస్ నడపలేని అతి చిక్కటి నీటికి ఇది పనికిరావచ్చు. ఇక్కడ గొట్టం లోపలి దారితో పనే లేదు.

రసాయన_విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. సెమినారు శీర్షికను "నానోట్యూబుల ద్వారా వేగవంతమైన నిర్లవణీకరణ" నుంచి "నానోట్యూబు–పాలీఅమైడ్ మిశ్రమ పొరలలో క్లోరిన్ సహనం" అని మారుస్తున్నాను. నిలువు గొట్టాల విషయాన్ని మొదటి భాగంలో, లెక్కలపుస్తకం గారి చిల్లుల లెక్కతో సహా, క్లుప్తంగా చెబుతాను. పొరలమేస్త్రి గారూ, క్లోరిన్ పరీక్షల ఫలితాలను పోల్చేటప్పుడు ఏమి గమనించాలి?

పొరలమేస్త్రి:

క్లోరిన్ గాఢతను గంటలతో గుణించి ఒకే అంకెగా ఇస్తారు. దానిని మాత్రమే చూసి రెండు వ్యాసాలను పోల్చకండి. 2,000 పీపీఎం దగ్గర ఒక గంట, 1 పీపీఎం దగ్గర 2,000 గంటలు కాగితం మీద సమానమే గాని పొర మీద కాదు. ద్రావణం ఆమ్లతను తప్పక చూడండి, హైపోక్లోరస్ ఆమ్లం ఎక్కువగా ఉండే తక్కువ పీహెచ్ వద్ద జరిగే దాడి వేరు, పీహెచ్ 10 దగ్గర జరిగేది వేరు. క్లోరిన్ తరువాత క్షారంతో కడిగి మళ్లీ కొలిచారా అని చూడండి, చాలా పొరలు క్లోరిన్‌లో నిలిచి ఆ కడుగులో చతికిలబడతాయి. ఉప్పుతో పాటు బోరాన్‌ను కూడా కొలిచిన వ్యాసాలు దొరికితే వాటిని పట్టికలో పైన పెట్టండి, ఎందుకంటే పొర సడలడం మొదలైతే సోడియం కంటే ముందు బోరిక్ ఆమ్లమే దానిని బయటపెడుతుంది.